ఫోను ద్వారా మామిడి అమ్మకము: వాడుకదారులను నిలుపుకొనుట ఎట్లు?

పాలు వాడుక పోయు ఇల్లాలిని మీరందరు ఎరుగుదురు. ఆమె వీధిలో కేకలు వేయదు. పది ఇండ్లు కుదుర్చుకొని, ప్రొద్దుననే చెప్పిన వేళకు చెప్పిన కొలత పోయును. ఒకనాడు పాలు తగ్గినచో ముందుగానే గుమ్మములోనికి వచ్చి, "అమ్మా, ఈ పూట అరలీటరే పోయగలను" అని చెప్పును. నెల తిరుగుసరికి ఆ పది ఇండ్లవారు లెక్క చూచి డబ్బు చెల్లింతురు. కాని నీళ్ళు కలిసినవన్న అనుమానము ఒక ఇంట పుట్టినచో, వారము తిరుగకముందే నాలుగు ఇండ్ల వాడుక పోవును.

ఇప్పుడు చేతిఫోను ద్వారా పంట అమ్ముకొనుటను గురించి అందరును చెప్పుకొనుచున్నారు. వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీలు, ఇన్‌స్టాగ్రాం వీడియోలు అనగానే ఇది పట్టణము వారి విద్య యని కొందరు వెనుకాడుచున్నారు. ఒక్క వీడియో పెట్టినచో తోట అంతయు అమ్ముడు పోవునని మరికొందరు ఆశపడుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఫోను చేయునది కేక వేయుట మాత్రమే. వాడుక నిలుపునది మీ కొలత, మీ మాట. ఈ సంగతిని మామిడి పంట ఉదాహరణముగా తీసికొని వివరించెదను. జామ, నిమ్మ, కూరగాయలు, పప్పులు, బెల్లము అమ్మువారికి కూడ ఇందలి పద్ధతులు చాలవరకు పనికివచ్చును.

ఎంత పంట ఇట్లు అమ్మవచ్చును?

1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ఆరంభమైనవి. పండించినవాడు, తినువాడు ఎదురెదురుగా నిలిచి బేరము చేయుట వాటి ఉద్దేశము. ఫోను ద్వారా అమ్మకము కూడ అట్టిదే. అయితే రైతు బజారులో వచ్చినవాడు కాయను చేతితో పట్టుకొని, వాసన చూచి కొనును. ఫోనులో కొనువాడు కాయను చూడడు. మిమ్ము నమ్మి ముందుగా సొమ్ము పంపును. కావున ఇందు మీ పూచీ ఎక్కువ.

ఇంకొక సంగతి మొదటనే తెలిసికొనవలెను. తోట కాపు అంతయు ఈ విధముగ అమ్ముడు పోదు. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతమున తోతాపురి కాయల ధర పడిపోగా, ప్రభుత్వము కిలోకు 12 రూపాయలు రైతుకు అందునట్లు నిర్ణయించి, అందులో 4 రూపాయలు తాను భరించి, మిగిలిన 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు ఇయ్యవలెనని కోరినది. అట్టి కాయ టన్నులకొలది ఫ్యాక్టరీకి పోవలసినదే. ఇంటింటికి అయిదేసి కిలోల పెట్టెలుగా పంపి ఆ నష్టమును పూడ్చలేము. నేరుగా తినుటకు పనికివచ్చు బంగినపల్లి, రసాలు, ఇమాంపసందు వంటి రకములే ఫోను అమ్మకమునకు తగినవి. వాటిలోను మొదటి తరగతి కాయ మాత్రమే పెట్టెకు ఎక్కును. మొదటి ఏడు కాపులో పదవ వంతు మించి దీనికి కేటాయింపవలదని నా సలహా. మిగిలిన కాయకు మార్కెట్టు యార్డు ఉండనే ఉన్నది. అక్కడి వ్యాపారితో సంబంధము తెంచుకొనవద్దు.

ఒక తోటలో జరిగిన సంగతి

నూజివీడు ప్రాంతములో నేను పనిచేసినప్పుడు నాలుగు ఎకరముల బంగినపల్లి తోట గల ఒక రైతు ఉండెడివాడు. ఆయన మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగి. ఒక ఏప్రిల్ నెలలో అతడు తోటలో ఒక నిమిషము వీడియో తీసి, తాను నివసించు అపార్టుమెంటుల గ్రూపులలో పెట్టినాడు. రెండు దినములలో అయిదేసి కిలోల పెట్టెలు 160 కావలెనని ఆర్డర్లు వచ్చినవి. పెట్టెకు 450 రూపాయల చొప్పున సొమ్ము ముందే జమయైనది. రైతు నా కార్యాలయమునకు వచ్చి, "ఆఫీసరు గారూ, ఇన్ని తీసుకోమంటారా?" అని అడిగెను. చెట్టు మీది కాయను లెక్కించితివా అని అడుగవలసిన నేను ఆ మాట అడుగక, "వచ్చిన గిరాకీని వదులుకోవద్దు" అని చెప్పితిని. జరిగిన దానిలో నా పాలు కూడ కలదని ఇచ్చట ఒప్పుకొనుచున్నాను.

నాలుగవ నాటి సాయంకాలము ఈదురుగాలి వీచినది. మంచి కాయ సగము నేలరాలినది. మాట తప్పరాదన్న పట్టుదలతో ఆ రైతు రాలిన కాయను, ఇంకను ముదరని కాయను కలిపి 160 పెట్టెలు నింపి పంపినాడు. రాలినప్పుడు దెబ్బ తగిలిన కాయ పైకి బాగుగనే కనబడినను లోపల కుళ్ళును. ముదరని కాయ మాగక ముడుతలు పడును. వారము లోపల అపార్టుమెంటు గ్రూపులలో నల్లబడిన కాయల ఫొటోలు వచ్చినవి. "ఇవి కార్బైడు కాయలు" అని ఎవరో వ్రాసిరి. ఆ రైతు తన జీవితములో కార్బైడు ముట్టి యెరుగడు. సిగ్గు వలన, బెంగ వలన ఆయన మూడు దినములు ఫోను కట్టివేసి ఇంట కూర్చుండెను. కుళ్ళిన కాయ కన్న ఈ మూడు దినముల మౌనమే ఆయనకు ఎక్కువ చేటు చేసినది. ఫోను ఎత్తనివాడు దొంగయే యని జనము నిశ్చయించుకొనిరి.

ఆయన భార్య ఊరిలో పదేండ్లుగా పాలు వాడుక పోయుచున్నది. మూడవ నాడు ఆమె భర్తతో, "పాలు తగ్గిన పూట మనం తలుపేసుకుని కూర్చుంటే వాడుక నిలుస్తుందా? వెళ్ళి చెప్పాలి గదా" అన్నది. ఆ సాయంకాలమే ఫోను తెరచి, 160 ఇండ్లకు ఒకరి తరువాత ఒకరికి ఇద్దరును కలిసి మాటలాడిరి. గాలికి కాయ రాలిన సంగతి, ఆ కాయ పెట్టెలలో కలిపిన సంగతి దాచక చెప్పిరి. కాయ పాడయినదన్న 63 ఇండ్లకు పూర్తి సొమ్ము తిరిగి పంపిరి. మొత్తము 28,350 రూపాయలు. అది కూతురి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు. ఫీజు కట్టుటకు ఆమె మెడలోని గొలుసు బ్యాంకులో కుదువ పెట్టవలసి వచ్చినది.

మరుసటి ఏడు వీడియో లేదు. తిరిగి కాయ కోరినవారు 40 ఇండ్లవారు మాత్రమే. వింత యేమన, వారిలో పెక్కుమంది సొమ్ము తిరిగి పొందినవారే. ఆ 40 ఇండ్లకు ఏరిన కాయ మాత్రమే పంపిరి. మూడవ ఏట ఆ ఇండ్లవారు తమ బంధువులకు చెప్పగా సంఖ్య 110 అయినది. అంతకు మించి ఆ దంపతులు ఒప్పుకొనలేదు. గొలుసు ఇంటికి వచ్చినది.

ఈ కథ వలన తేలిన సూత్రములను ఇక వరుసగా చూతము.

ముందు కాయ లెక్క, తరువాత ఆర్డరు

కోతకు పది దినముల ముందు పదేసి చెట్లకు ఒక చెట్టు చొప్పున ఎంచి, మొదటి తరగతి కాయను లెక్కపెట్టుడు. దానిని బట్టి తోట మొత్తమునకు అంచనా వేయుడు. ఆ అంచనాలో సగమునకు మాత్రమే ఆర్డర్లు తీసికొనుడు. గాలి, పండుఈగ, మచ్చలు మిగిలిన సగములో తమ వంతు తీసికొనును. ఏమియు జరుగక కాయ మిగిలినచో మరల ఒక కబురు పెట్టి అమ్ముకొనవచ్చును. కాయ చాలక మాట తప్పినచో ఆ లోటు పూడ్చుట కష్టము. సొమ్ము కూడ ముందుగా అంతయు తీసికొనక, కోత దినము నిర్ణయమైన పిమ్మట తీసికొనుట మేలు.

ఖర్చు లెక్క

పట్టణములో కిలో 90 రూపాయలకు అమ్మితిమని సంతోషించుట చాలదు. ఈ క్రింది లెక్కలోని అంకెలు పద్ధతి తెలుపుటకు వేసినవి మాత్రమే; మీ ఊరి ధరలతో మీరు మరల వేసికొనవలెను.

అయిదు కిలోల పెట్టె అమ్మిన ధర 450 రూపాయలు అనుకొందము. అట్టపెట్టెకు 45, గడ్డికి, కాగితమునకు 10, ఏరుటకు, కట్టుటకు కూలి 30, పార్సిలు కిరాయి 80, పాడయిన కాయకు తిరిగి ఇచ్చుటకు 40. ఖర్చు మొత్తము 205. మిగులు 245, అనగా కిలోకు 49 రూపాయలు. అదే కాయకు యార్డులో కిలో 30 రూపాయలు పలికినదనుకొందము. కిరాయి, కమీషను, తరుగు పోగా 24 మిగులును. తేడా కిలోకు 25 రూపాయలు. నూరు పెట్టెలకు, అనగా 500 కిలోలకు, 12,500 రూపాయలు అధికముగా వచ్చును.

ఇంటివారు చేసిన పనికి కూడ కూలి కట్టుట మరువవద్దు. పాడయిన కాయ కొరకు పెట్టిన 40 రూపాయలను లాభములో కలుపుకొనవద్దు. ఫిర్యాదు వచ్చినప్పుడు చేయి వెనుకకు పోకుండుటకు ఆ సొమ్మే ఆధారము. తేడా కిలోకు 10 రూపాయల లోపు వచ్చినచో ఈ శ్రమ పడుటకన్న యార్డునకు పంపుటయే మంచిది.

ఫోనులో చేసికొనవలసిన ఏర్పాట్లు

మొదట అమ్మకమునకు ప్రత్యేకముగ ఒక నంబరు పెట్టుకొనుడు. ఇంటి వ్యవహారములు, ఆర్డర్లు ఒకే నంబరులో కలిసినచో తప్పులు వచ్చును. ఆ నంబరుపై వాట్సాప్ బిజినెస్ అను అప్లికేషను వేసికొనుడు. 2018లో వచ్చిన ఈ అప్లికేషను చిన్న వ్యాపారులకు ఉచితముగా లభించుచున్నది. ఇందు మూడు సదుపాయములు మనకు ముఖ్యము.

ఒకటి, కేటలాగు. మీ సరుకు ఫొటో, తూకము, ధర ఇందులో ఒకసారి పెట్టినచో అడిగినవారికెల్ల మరల మరల వ్రాయనక్కరలేదు.

రెండు, లేబుళ్ళు. కొత్త ఆర్డరు, సొమ్ము రావలసినది, సొమ్ము వచ్చినది, పంపినది అని ఒక్కొక్కరి పేరునకు గుర్తు పెట్టవచ్చును. ఎవరికి పంపితిమి, ఎవరికి పంపలేదు అను గందరగోళము తప్పును.

మూడు, బ్రాడ్‌కాస్టు పట్టిక. ఒక పట్టికలో 256 మంది వరకు చేర్చి ఒకేసారి కబురు పంపవచ్చును. ప్రతివారికి అది తనకొక్కనికే వచ్చినట్లు చేరును. అయితే మీ నంబరును తమ ఫోనులో వ్రాసికొన్నవారికే ఈ కబురు అందును. కావున మొదటి పెట్టెతో పాటు, "మా నంబరు మీ ఫోనులో సేవ్ చేసుకోండి" అని చీటీ పెట్టుడు.

గ్రూపు కన్న బ్రాడ్‌కాస్టు మేలని నా అనుభవము. గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి తెలిసిపోవును. ఆడవారు దీనికి ఇష్టపడరు. అంతేకాక గ్రూపులో శుభోదయపు బొమ్మలు, రాజకీయపు తగవులు చేరి అసలు కబురు మరుగున పడును.

ఎవరి నంబరునైనను వారి అనుమతి లేక పట్టికలో చేర్చవద్దు. ఒక్కసారి వద్దన్నవారిని వెంటనే తీసివేయుడు. పిలువని ఇంటికి రోజూ పోవువాడు ఎంత మంచి సరుకు తెచ్చినను తలుపు తీయరు.

ఏమి చూపవలెను, ఏమి చెప్పవలెను?

మీ తోట ఫొటోలే పెట్టుడు. ఇంకొకరి తోటలోని నిగనిగలాడు కాయ బొమ్మ పెట్టినచో, పెట్టె తెరచిన దినముననే ఆ సంగతి బయటపడును. ఉదయపు వెలుగులో, కాయను అరచేతిలో పెట్టుకొని తీసిన ఫొటో పరిమాణమును సరిగా తెలుపును. తోలుపై మచ్చ ఉన్న కాయను కూడ చూపి, "ఈ మచ్చ తోలుకే, లోపల కండ బాగుంటుంది" అని కోసి చూపుడు. ముందే చూచినవాడు తరువాత తగవు పెట్టుకొనడు.

బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు ముద్రను పెట్టెపై వేసికొనదలచినవారు అధీకృత వాడుకదారులుగా నమోదు చేసికొనవలెను. నమోదు లేక ముద్ర వేయరాదు. అట్లే రసాయనములు చల్లిన తోటను "సేంద్రియము" అని వ్రాయరాదు. ఎప్పుడు ఏ మందు చల్లితిరో, కోతకు ఎన్ని దినముల ముందు ఆపితిరో ఉన్నదున్నట్లు చెప్పుడు. పట్టణమువారు ఇట్టి మాటకు విలువ ఇత్తురు.

కార్బైడు విషయము తప్పక చెప్పవలెను. కాల్షియం కార్బైడు నుండి వచ్చు ఎసిటిలీను వాయువుతో మాగవేసిన పండ్లను అమ్ముట 2011 నాటి ఆహార భద్రత నిబంధనల వలన నిషిద్ధము. కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరము జాడలు ఉండి ఆరోగ్యమునకు హాని చేయును. ఇథిలీను వాయువును మాత్రము తగిన గదులలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండ వాడుట అనుమతింపబడినది. ఇంటింటి అమ్మకమునకు ఇవి ఏవియు అక్కరలేదు. ముదిరిన పచ్చికాయను పంపి, ఇంట మాగబెట్టు విధము చెప్పినచో చాలును.

పచ్చళ్ళు, తాండ్ర, ఒరుగులు వంటివి చేసి అమ్మదలచినచో పద్ధతి వేరు. రైతు తన పొలములో పండించిన పచ్చి పంటకు 2006 నాటి ఆహార భద్రత చట్టము వర్తింపదు. కాని దానిని వండి, నిలువచేసి అమ్మిన వెంటనే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషను పొందవలెను. అందు వచ్చు 14 అంకెల నంబరును సీసాపై వేయవలెను.

కోత, పెట్టె

ఎంత తీయగా వ్రాసినను నోటిలో పులిసిన కాయ ఆ వ్రాతను తుడిచివేయును. కాయ భుజములు తొడిమ కన్న పైకి ఉబ్బి, ముదురు ఆకుపచ్చ రంగు లేతపడినప్పుడు కోయుడు. అనుమానమున్నచో కొన్ని కాయలను నీటి తొట్టిలో వేసి చూడుడు. ముదిరిన కాయ మునుగును. తేలిన కాయ లేతది. రాలిన కాయ ఒక్కటి కూడ పెట్టెలో చేరరాదు.

చల్లని వేళ చిక్కముతో, తొడిమ కొంచెము ఉండునట్లు కోయుడు. తరువాత నీడలో తొడిమ కత్తిరించి, కాయను తలక్రిందుగా నిలిపి సొన కారనిండు. సొన తోలుపై పడినచో నల్లని చారలు ఏర్పడును. మచ్చతెగులు సోకు తోటలలో కాయలను 52 డిగ్రీల సెల్సియసు వేడినీటిలో 5 నుండి 10 నిమిషములు ఉంచి, ఆరబెట్టి కట్టినచో కుళ్ళు తగ్గును. నీటి వేడి కొలుచు సాధనము లేనివారు ఈ పని చేయవద్దు. వేడి మించినచో కాయ ఉడుకును.

పెట్టెకు గాలి రంధ్రములు ఉండవలెను. మాగునప్పుడు కాయ కొంత తూకము తగ్గును గనుక అయిదు కిలోల పెట్టెలో 200 గ్రాములు అధికముగా వేయుడు. తూనికలు కొలతల శాఖ వారి ముద్ర గల కాటాతోనే తూచుడు. మార్కెట్టులో తరుగు పేరిట మనకు జరిగిన అన్యాయమును మనమే ఇంకొకరికి చేయరాదు.

ప్రతి పెట్టెలో ఒక చీటీ పెట్టుడు. అందు ఇట్లు వ్రాయవచ్చును: "ఈ కాయలు ఫలానా తేదీన కోసినవి. పెట్టె విప్పి, గాలి తగిలే చోట గడ్డి మీదగాని కాగితం మీదగాని ఒకే వరుసగా పరచండి. సుమారు వారంలో మాగుతాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో పెట్టకండి, సరిగా మాగవు. ముందు పండినవి ముందు తినండి. పాడైన కాయ ఉంటే ఫొటో తీసి పంపండి, ఆ కాయ డబ్బు తిరిగి పంపుతాము." ఈ చీటీ వలన సగము ఫిర్యాదులు పుట్టకయే పోవును.

ఫిర్యాదు వచ్చినప్పుడు

నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఇచ్చట అక్షరాల పనికివచ్చును. ఫిర్యాదు వచ్చిన నాడే బదులు చెప్పుడు. వ్రాత కన్న ఫోనులో మాటలాడుట మేలు. వ్రాతలో మీ గొంతులోని మెత్తదనము వారికి వినబడదు. మొదట వారి మాట పూర్తిగ వినుడు. కాయ ఇంకను మాగలేదన్నవారికి ఇంకెన్ని దినములు ఆగవలెనో చెప్పుడు. కుళ్ళినదన్నవారికి ఎన్ని కాయలో అడిగి, అన్ని కాయల సొమ్ము ఆ పూటనే పంపుడు. దారిలో పెట్టె నలిగినచో అది మోసినవారి తప్పని వాదింపవద్దు. కొన్నవారికి తెలిసినది మీ పేరే.

అబద్ధపు ఫిర్యాదు చేయువారు కూడ లేకపోలేదు. మూడు కాయల డబ్బు కొరకు వారితో తగవు పెట్టుకొనవద్దు. చెల్లించి, పట్టికలో వారి పేరు ఎదుట గుర్తు పెట్టుకొనుడు. మరుసటి ఏడు వారికి కబురు పంపకపోయిన సరిపోవును.

తప్పు మీదైనప్పుడు అందరు చూచుచోట ఒప్పుకొనుటకు జంకవద్దు. పైన చెప్పిన రైతు ఫోను తెరచి నిజము చెప్పిన దినముననే ఆయన వ్యాపారము నిజముగ ఆరంభమైనది.

సొమ్ము విషయములో జాగ్రత్త

యూపీఐ చెల్లింపులు 2016 నుండి మనకు అలవాటైనవి. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నంబరు వేయనక్కరలేదు. పంపుటకు మాత్రమే వేయవలెను. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికి నేర్పుడు. "పెద్ద ఆర్డరు ఇస్తాము, ఈ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది" అన్నవాడు మోసగాడు. సొమ్ము పంపితిమని చూపు బొమ్మను నమ్మక, మీ బ్యాంకు ఖాతాలో జమయైనదీ లేనిదీ చూచిన పిమ్మటనే పెట్టె పంపుడు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా తెలిపిన అంతగా సొమ్ము ఆపుటకు వీలగును.

వాడుక పుస్తకము

ఫోను పోవచ్చును, పగులవచ్చును. కావున ఒక నోటుపుస్తకము పెట్టుడు. పేరు, ఊరు, నంబరు, ఏ తేదీన ఎన్ని పెట్టెలు, సొమ్ము వచ్చిన తేదీ, ఫిర్యాదు, చేసిన పరిష్కారము, ఇన్ని గళ్ళు చాలును. "ముసలి తల్లి ఉన్నది, పీచు లేని కాయ కావలెను" వంటి మాట ఎవరైన చెప్పినచో అదియు వ్రాసికొనుడు. మరుసటి ఏడు ఆ మాట జ్ఞాపకముంచుకొని అడిగినచో వారు మీ ఇంటి చుట్టములైనంత సంతోషింతురు. ఈ పుస్తకము పరులకు చూపవలదు, అందలి నంబర్లు ఎవరికిని అమ్మవలదు.

పంట లేని కాలములో రోజూ కబుర్లు పంపి విసిగింపవద్దు. జనవరి, ఫిబ్రవరి నెలలలో పూత ఫొటో ఒకటి. మార్చిలో పిందె ఎట్లున్నదో రెండు మాటలు. ఏప్రిల్‌లో కోత తేదీ, ధర. జూనులో కోత ముగిసినదని, ధన్యవాదములని ఒక కబురు. ఏడాదికి ఈ నాలుగు చాలును. గాలివాన వచ్చి కాపు పోయినచో ఆ సంగతి కూడ చెప్పుడు. రైతు కష్టము తెలిసిన ఇల్లు ధరకై గీచి బేరమాడదు.

గ్రామ ఉద్యోగులకు ఒక మాట

గ్రామములలో పనిచేయు వ్యవసాయ సహాయకులు, పంచాయతీ కార్యదర్శులు, సహకార సంఘముల వారు ఈ పనిలో రైతులకు తోడుపడవచ్చును. ఒక్కొక్క రైతు వేరుగా పది పెట్టెలు పంపుటకన్న, అయిదారుగురు చేరి ఒకే చోట ఏరి, ఒకే కాటాపై తూచి, ఒకే వాహనములో పంపినచో కిరాయి తగ్గును. అయితే ఎవరి పెట్టెపై వారి గుర్తు ఉండవలెను. గుర్తు లేనిచో ఒకని అశ్రద్ధ అందరి మెడకు చుట్టుకొనును. రైతుకు ఆర్డర్లు తెచ్చి పెట్టుట కన్న, నేను చేసిన తప్పు చేయక, "చెట్టు మీద కాయ ఎంత ఉన్నది?" అని మొదట అడుగుటయే మీరు చేయదగిన ఉపకారము.

రైతు సోదరులారా, ఈ ఏడు పది ఇండ్లతో ఆరంభింపుడు. మీ బంధువులు, మీ ఊరి నుండి పట్టణమునకు పోయి స్థిరపడినవారు ఆ పది ఇండ్లు కావచ్చును. ఆ పది ఇండ్లవారు మరుసటి ఏడు తమంతట తాము ఫోను చేసి, "కాయ ఎప్పుడు కోస్తారు?" అని అడిగిరా లేదా చూచుకొనుడు. అడిగినచో ఇరువది ఇండ్లకు పెంచుడు. అడుగనిచో ఇంకొక వీడియో తీయుటకు ముందు, పెట్టెలో ఏమి పంపితిరో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు.